మార్తమ్మ వదిలేసిన వచనం

మార్తమ్మ మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. చదవగా విన్నవాళ్ళు మాత్రం గుణదల కాలువగట్టు చుట్టుపక్కల రెండు మూడు వందల మంది ఉంటారు. కూరల బండి దగ్గర బేరమాడాలన్నా కూతుర్ని ముందుకు తోసే మనిషి, ఆదివారం సాయంత్రం మందిరంలో బైబిలు తెరిచిందంటే చివరి చాప దాకా ప్రతి అక్షరం వినపడుతుంది.

ఆ మందిరంలో ఒక పద్ధతి ఉంది. బోధించే దైవాశీర్వాదం గారు వాక్యం తాను చదవరు. వేరొకరు ఒక ముక్క చదివి ఆగుతారు. ఆయన ఆ ముక్కను పట్టుకుని నాలుగు మాటలు చెప్పి, "ఊఁ, తర్వాత?" అంటారు. చదివేవాళ్ళు మళ్ళీ అందుకుంటారు. పల్లెల్లో తిరిగిన పాతకాలపు బోధకుల అలవాటు అది. దైవాశీర్వాదం గారికి ఇప్పుడు అలవాటుకు అవసరం కూడా తోడైంది. డెబ్భై దాటాయి, షుగరు వల్ల చూపు దాదాపు పోయింది. ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఎడమ పక్కన, ఆడవాళ్ళ వైపు మొదటి చాప మీద కూర్చుని చదివేది మార్తమ్మే.

ఆమెది పామర్రు దగ్గర పల్లె. ఏడో తరగతి పరీక్షలు రాయలేదు. ఆ ఏడు తల్లి నాట్లలో నడుం పట్టేసి మంచాన పడింది. ఇద్దరు తమ్ముళ్ళను చూసుకునే పని మార్తమ్మ మీద పడింది. పుస్తకాల సంచి అటకెక్కింది, మళ్ళీ ఎవరూ దించలేదు. ఉన్న నాలుగు అక్షరాలు పోకుండా నిలబెట్టింది తెరేసమ్మ గారు. ఆవిడ బైబిలు స్త్రీ. చదువురాని ఆడవాళ్ళ అరుగుల మీద కూర్చుని వాక్యం చదివి వినిపించడమే ఆవిడ ఉద్యోగం. తెల్లచీర, నల్ల గొడుగు, ఒక పక్కే అరిగిపోయిన చెప్పులు. ఒకరోజు గొంతు బొంగురుపోయి చదవలేక, గుమ్మం చాటున నిలబడ్డ మార్తమ్మ చేతికి పుస్తకం ఇచ్చింది. పిల్ల తడబడకుండా చదివింది. "నీకు నోరు లేదనుకున్నానే!" అంది తెరేసమ్మ గారు. ఆ తర్వాత వెంటబెట్టుకుని తిప్పింది.

ఆవిడ మొట్టమొదట నేర్పింది బైబిలు మొదటి పేజీ కాదు, చివరి పేజీ. అక్కడ ఒక హెచ్చరిక ఉంది. ఈ ప్రవచనంలోని మాటలకు ఎవరైనా ఒకటి కలిపితే దేవుడు వాళ్ళకు తెగుళ్ళు కలుపుతాడు. ఒకటి తీసేస్తే పరలోకంలోని జీవవృక్షంలో వాళ్ళ వంతు పాలు తీసేస్తాడు. "చదివేవాళ్ళకి ముందు ఇది తెలియాలి. వినేవాళ్ళ మొహాలు చూసి చదవకూడదమ్మాయ్. మొహాలు చూస్తే గొంతు వంగుద్ది" అనేది.

ఇంకో సంగతి కూడా మార్తమ్మకు గుర్తుంది. ప్రవక్త ఒకాయన చూసిన దర్శనం గురించి చదువుతున్నారు. ఎత్తయిన సింహాసనం, దాని మీద దేవుడు. చుట్టూ దూతలు రెక్కలతో మొహాలు కప్పుకుని, ఆయన పరిశుద్ధుడని మూడుసార్లు పలుకుతుంటారు. పన్నెండేళ్ళ మార్త అడిగింది. "పాపం చెయ్యని దూతలు మొహం కప్పుకోవడమెందుకండీ?"

"మిట్టమధ్యాహ్నం సూర్యుడి వంక చూడగలవా నువ్వు?"

"చూళ్ళేను."

"ఏం, ఏమన్నా తప్పు చేశావా?"

దేవుడి పరిశుద్ధత అంటే కోపం కాదనీ, కోపం కంటే భరించలేనిది వేరే ఏదో అనీ ఆ పిల్లకు ఆ రోజు అర్థమయింది. దానికి మాటలు లేవు గనక ఎవరితోనూ అనలేదు.

పెళ్ళయ్యాక విజయవాడ వచ్చింది. భర్త ఆటో నడిపేవాడు. కరోనా రెండో ఏడు పోయాడు. మిగిలింది ఒక్క కూతురు వినీల, బీసెంట్ రోడ్డులో చీరల షాపులో పని చేస్తుంది. మార్తమ్మ వన్ టౌన్‌లో అచ్యుతరామారావు గారి పెళ్ళికార్డుల షాపులో చేరి పద్దెనిమిదేళ్ళయింది. కార్డులు మడతపెట్టడం, కవర్లలో వెయ్యడం, నాలుగు మూలలా పసుపు అద్దడం ఆమె పని. అచ్చుకు వెళ్ళేముందు ప్రూఫు పైకి చదివి వినిపించేది కూడా ఆమే. రామారావు గారు చేతిరాత కాగితం పట్టుకుని ఆమె చదువుతుంటే సరిచూసుకుంటారు.

మందిరానికి వచ్చేవాళ్ళలో కనకలక్ష్మి ఉంది. మార్తమ్మకు రెండు సందుల అవతల ఇల్లు. పొద్దున్నే పూలు కట్టి గంపలో పెట్టుకుని అమ్ముకొస్తుంది. ఒక్క అక్షరం రాదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు జయంత్. చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పి బహుమతులన్నీ ఎత్తుకుపోయిన పిల్లవాడు, ఇరవై వచ్చేసరికి మందిరం గడప తొక్కడం మానేశాడు. సాయంత్రం బండి వేసుకుని తల్లి కోసం వచ్చినా గేటు బయటే ఫోను చూసుకుంటూ నిలబడేవాడు. దైవాశీర్వాదం గారు కర్ర పట్టుకుని అక్కడిదాకా వెళ్ళి, "బాప్తిస్మం సంగతి ఏం చేశావురా?" అని అడిగితే, "మీ అంత ముసలాణ్ణయ్యాక చూద్దాంలెండి అయ్యగారూ" అని నవ్వేవాడు. నవంబరులో స్నేహితులతో కృష్ణలో ఈతకు దిగి మునిగిపోయాడు. ఇరవై రెండేళ్ళు.

మూడు నెలలు కనకలక్ష్మి మందిరానికి రాలేదు. ఆమె మళ్ళీ వచ్చిన ఆదివారం, దైవాశీర్వాదం గారి పాఠం బైబిలు చివరి పుస్తకమైన ప్రకటనలో ఇరవయ్యో అధ్యాయం దగ్గరికి వచ్చింది. ఎవరూ అనుకుని చేసింది కాదు. జూన్‌లో మొదటి అధ్యాయంతో మొదలుపెట్టి వారానికి కొంత చొప్పున చెప్పుకుంటూ పోతే, ఫిబ్రవరి మూడో ఆదివారానికి అంతిమ తీర్పు వచ్చింది.

కనకలక్ష్మి తలమీద కొంగు కప్పుకుని వచ్చి మొదటి చాప మీదే కూర్చుంది. మార్తమ్మకూ ఆమెకూ మధ్య జానెడు చోటు.

"చదువమ్మా" అన్నారు దైవాశీర్వాదం గారు.

మార్తమ్మ తెల్లని మహా సింహాసనం గురించి చదివింది. దాని మీద కూర్చున్నవాడి ఎదుట భూమీ ఆకాశమూ నిలవలేక పారిపోయాయనీ, వాటికి ఎక్కడా చోటు దొరకలేదనీ చదివి ఆగింది.

"విన్నారా? పారిపోయాయంట. భూమేం పాపం చేసింది? ఆకాశం ఎవర్ని మోసం చేసింది?" ఆయన కర్రతో నేలమీద మెల్లగా తట్టారు. "ఏం చెయ్యకపోయినా ఆయన ముందు నిలబళ్ళేకపోయాయి. మరి మన సంగతేంటి? మనకి పరిగెత్తడానికి భూమి కూడా ఉండదక్కడ. ఊఁ, తర్వాత?"

గ్రంథాలు విప్పబడ్డాయని చదివింది. ఇంకొక గ్రంథం, నిత్యజీవం దక్కేవాళ్ళ పేర్లుండే జీవగ్రంథం కూడా విప్పబడిందని చదివింది. ఆ తర్వాతి వచనం, సముద్రం తనలో ఉన్న చనిపోయినవాళ్ళను అప్పగించిందని.

ఆ మాట దగ్గర కనకలక్ష్మి తలెత్తింది. మార్తమ్మ చూసింది. ఇరవై ఆరేళ్ళలో చదువుతూ చదువుతూ ఒకరి మొహం చూడటం అదే మొదటిసారి. కనకలక్ష్మి ఏడవడం లేదు. నీళ్ళ ఒడ్డున నిలబడి ఎవరినో పైకి తీస్తుంటే చూస్తున్న మనిషిలా ఉంది.

ఆ అధ్యాయంలో ఇక రెండే వచనాలున్నాయి. మరణం అగ్నిగుండంలో పడటం గురించిన వచనాన్ని మార్తమ్మ చదివింది. ఆఖరిది జీవగ్రంథంలో ఎవరి పేరైనా కనబడకపోతే వాళ్ళు కూడా ఆ గుండంలోనే పడతారని చెప్పేది. మార్తమ్మ చూపు ఆ వచనం మీది నుంచి జారి కిందికి పోయింది. కొత్త ఆకాశం, కొత్త భూమి, ఇక సముద్రం లేదు అన్న మాటలు ఆమె గొంతులోంచి వచ్చాయి.

చాపల మీద కాగితాల చప్పుడైంది. ఎదుటివాళ్ళంతా ఒళ్ళో బైబిళ్ళు పెట్టుకుని వెంట చదువుకుంటున్నవాళ్ళే. మగవాళ్ళ వైపు నుంచి సంఘపెద్ద ఒకాయన, "ఒక వచనం పోయిందండీ అయ్యగారూ. పేజీ అతుక్కున్నట్టుంది" అన్నాడు.

"అతుక్కుందామ్మా?" అని అడిగారు దైవాశీర్వాదం గారు.

మార్తమ్మ తలూపింది. ఆయనకు కనపడదని గుర్తొచ్చి, "ఊఁ" అంది.

ఆయన కర్ర పక్కన పెట్టి, "సరే, టైమైంది. వచ్చే వారం ఆ వచనంతోనే మొదలుపెడదాం" అన్నారు.

ఇంటికి రాగానే వినీల తల్లి చేతిలో బైబిలు లాక్కుని లైటు కింద పెట్టి చూసింది. "ఏ పేజీ అమ్మా అతుక్కుంది? ఇదిగో, ఆ వచనం ఇక్కడుంది. దాని కిందే కొత్త అధ్యాయం. ఒకే పేజీ. అయినా నీ బైబిల్లో పేజీలు ఊడిపోవాలే గానీ అతుక్కోవడమేంటి?"

మార్తమ్మ స్టవ్ ముట్టించింది.

"ఇంకో ఏడు వచనాలు కిందికి పోతే అబద్ధాలాడేవాళ్ళ సంగతి కూడా ఉంది. చదవనా?"

"నోరు ముయ్యి."

"నేను మూసుకునే ఉన్నా. అయ్యగారడిగితే ఊఁ అన్నది నువ్వు" అంది వినీల. తర్వాత తల్లి మొహం చూసి గొంతు తగ్గించింది. "కనకం పిన్ని కోసమే కదా? నేనైనా అదే చేద్దును."

నువ్వు చేస్తే వేరు అనుకుంది మార్తమ్మ. చివరి పేజీలో మాట ముందు చదివేవాళ్ళకే తగులుతుందని ఆమె నమ్మకం. జీవవృక్షంలో పాలు. ఆ పాలు ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ ఊహించుకోలేదు. అది తనకు ఉందని మాత్రం నలభై ఏళ్ళుగా, ఇంటి తాళంచెవి కొంగున ఉందని తెలిసినట్టు తెలుసు. ఇప్పుడు తడుముకోవాల్సి వస్తోంది. అంతకంటే దగ్గరలో ఉన్న భయం వచ్చే ఆదివారం. కనకలక్ష్మి మొహం జానెడు దూరంలో ఉండగా ఆ వచనం చదవాలి. చదివితే తల్లిని పొడిచినట్టు. చదవకపోతే రెండోసారి తీసేసినట్టు.

సోమవారం షాపులో ప్రూఫు చదవడం మొదలుపెట్టగానే రామారావు గారు కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"ఏంటి మార్తమ్మా, ఇవాళ కామాలు కూడా చదువుతున్నావు? పెళ్ళికూతురి పేరు, కామా, బీటెక్, కామా... పెళ్ళివాళ్ళు వింటే దడుచుకుంటారు."

"వదిలేస్తే తప్పు కదండీ."

"మరీ అంత తప్పు కాదులే."

ఆ కార్డులో పెళ్ళికొడుకు తండ్రి పేరుకు ముందు 'కీ.శే.' అని ఉంది. ప్రూఫు మీద ఎవరో ఆ రెండక్షరాలను పెన్సిల్‌తో కొట్టేశారు. మార్తమ్మ చదవకుండా ఆగి, కాగితం ఆయన ముందు పెట్టింది.

"పెళ్ళికొడుకు తల్లి కొట్టేసింది. చూళ్ళేకపోతున్నానండీ, తీసెయ్యండి అంది" అన్నారు రామారావు గారు.

"తీసేస్తారా?"

"తీసేస్తే ఏమవుద్ది? కార్డు చూసినవాళ్ళంతా పెళ్ళికొచ్చి, ఏరీ బావగారు కనపడరే అని ఆవిణ్ణే అడుగుతారు. నలుగురి నోటా నలభైసార్లు వింటది పాపం. ఫోన్ చేసి చెప్పా, ఉంచమంది." ఆయన పెన్సిల్ గీత మీద రబ్బరు రుద్దారు. "చదువు. కామాలు వద్దు."

గురువారం సాయంత్రం మార్తమ్మ కనకలక్ష్మి ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంది. ఆదివారం మొదటి అరగంట మందిరానికి రావద్దని చెప్పాలి. అంతవరకే.

కనకలక్ష్మి గుమ్మంలో పీట వేసుకుని మల్లెలు కడుతోంది. పక్కన తడిగుడ్డ మీద మొగ్గల కుప్ప. గోడకు జయంత్ ఫోటో ఉంది. బండి మీద కూర్చుని తీయించుకున్నది.

"వందనాలక్కా. రా, కూర్చో. టీ పెట్టనా?"

"వద్దులే."

మార్తమ్మ కూర్చుంది. రెండు బారల పూలు కట్టడం పూర్తయింది.

"ఆదివారం నన్ను రావద్దని చెప్పడానికొచ్చావు కదూ?" అంది కనకలక్ష్మి, దారం పళ్ళ మధ్య పెట్టుకుని.

మార్తమ్మ ఉలిక్కిపడింది. "రావద్దని కాదే. కాస్త ఆలస్యంగా రమ్మని. ఒక్క అరగంట. ఆ వచనం అయిపోయాక..."

"ఆ వచనం నాకు నోటికొచ్చు."

"నీకా?"

"అక్షరం రాదు గానీ చెవులున్నాయి గదా. పదిహేనేళ్ళ నుంచి నీ పక్కన కూర్చుంటున్నా. ఎవరి బైబిలు వాళ్ళకుంది. నా బైబిలు నీ గొంతక్కా." ఆమె దారం తెంపింది. "మొన్న సముద్రం అప్పగించిందని చదివావు. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా. తర్వాత ఏం వస్తదో నాకు తెలుసు. వినాలనే కూర్చున్నా. నువ్వు ఎగిరిపోయావు."

"నీ కోసమేనే కనకం. నువ్వు తట్టుకోలేవని."

"నా కోసం కాదు. నువ్వు నా కొడుక్కి తీర్పు చెప్పేశావు."

మార్తమ్మకు అర్థం కాలేదు.

"వాడి పేరు ఆ పుస్తకంలో ఉందనుకుంటే ఆ వచనం ఎందుకు వదిలేస్తావు? ఉన్నోణ్ణి అది ఏం చేస్తది? లేదని తేల్చుకున్నావు. తేల్చుకున్నావు కాబట్టే వదిలేశావు. అదీ నలుగురి ముందు. నువ్వు వదలగానే అందరూ ఎవరి వంక చూశారో తెలుసా? పుస్తకం వంక కాదు. నా వంక."

మొగ్గల కుప్ప మీద ఈగ వాలితే కనకలక్ష్మి చేత్తో తోలింది. గొంతు పెంచకుండానే అంది. "అన్నీ చదువుతావు గదా. ఆ పుస్తకం చదివావా అక్కా నువ్వు?"

"లేదు."

"నేనూ చదవలేదు. వాడు మందిరానికి రాలేదు, నిజమే. బాప్తిస్మం తీసుకోలేదు, నిజమే. ముసలాడినయ్యాక చూద్దామన్నాడు, ముసలాడు కాలేదు. నీళ్ళల్లో ఉన్నప్పుడు ఎవర్ని పిలిచాడో నీకు తెలుసా, నాకు తెలుసా? నాకూ భయమే. పొద్దున లేస్తే భయం, పూలు కడుతుంటే భయం. ఆ భయం నాకూ ఆయనకీ మధ్యలో ఉంది. అందులో దూరడానికి నువ్వెవరు?"

మార్తమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. ఏడిస్తే కనకలక్ష్మి ఓదార్చాల్సి వస్తుందని కూడా తెలుసు.

"నేను ముందు చాప మీదే కూర్చుంటా. నువ్వు చదువు" అంది కనకలక్ష్మి. కట్టిన దండలోంచి ఒక మూర తెంపి ఆమె చేతిలో పెట్టింది. "వినీలకి."

ఏలూరు కాలువ పక్కన నడుస్తూ మార్తమ్మ ఒక్కటే ఆలోచించింది. ఒక మాట తీసేశానని ఈ నాలుగు రోజులూ భయపడింది. ఆ మాట తియ్యకముందే ఇంకో పని చేసింది. ఎవరి ఎదుట భూమీ ఆకాశమూ నిలవలేక పారిపోయాయో, ఆయన సింహాసనం మీదికి తనకు తెలియకుండానే ఎక్కి కూర్చుంది. కళ్ళు పీక్కుపోయిన ఒక తల్లిని చూసి జాలిపడి ఎక్కింది. జాలిపడినా ఎక్కింది ఎక్కినట్టే. దూతలు కూడా రెక్కలతో మొహం కప్పుకునే చోట, ఒక కుర్రాడి పేరు లేదని ఆమె లోపల ఎవరో తీర్మానం రాసేశారు. ఆ రాసింది తానే.

ఆదివారం మందిరం ఎప్పటికంటే నిండింది. ఏం జరుగుతుందో చూద్దామని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. కనకలక్ష్మి ముందే వచ్చి మొదటి చాప మీద కూర్చుంది. పాట అయింది, ప్రార్థన అయింది. దైవాశీర్వాదం గారు కుర్చీలో సర్దుకుని, "పోయిన వారం మిగిలిన వచనం. చదువమ్మా" అన్నారు.

మార్తమ్మ లేచి నిలబడింది. చదివేవాళ్ళు నిలబడే అలవాటు లేదు.

"అయ్యగారూ, ఒక మాట" అంది.

ఆ గొంతు ఎవరికీ తెలియదు. చదివేటప్పుడు వినపడే గొంతు కాదది. సన్నగా, ఎండిపోయి ఉంది. వెనక నుంచి ఎవరో, "మైకివ్వండి ఆమెకి" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు.

మైకు అందుకోకుండానే చెప్పింది. "పోయిన వారం పేజీ అతుక్కోలేదండీ. నేనే వదిలేశాను. అతుక్కుందా అంటే ఊఁ అన్నాను. అది అబద్ధం. వదిలింది..." అక్కడ ఆగింది. ఎందుకు వదిలిందో చెబితే మళ్ళీ అందరూ కనకలక్ష్మి వంకే చూస్తారు. "వదిలింది నా తప్పు" అని ముగించింది.

దైవాశీర్వాదం గారు ఆమె గొంతు వచ్చిన వైపు తల తిప్పారు. "నాకు తెలుసమ్మా. ఇరవై ఆరేళ్ళుగా నీ పుస్తకం చప్పుడు వింటున్నా. ఆ రోజు నువ్వసలు పేజీయే తిప్పలేదు."

"మరి ఊరుకున్నారేంటండీ?" అన్నాడు సంఘపెద్ద.

"ఆ వచనం మీద మాట్లాడే ధైర్యం ఆ పూట నాకూ లేదు. టైమైందన్నాను గదా. గడియారం చూసినోళ్ళుంటే చెప్పండి, అప్పటికింకా పావుగంట ఉంది."

ఎవరూ నవ్వలేదు. ఆయన చెయ్యి ఊపారు. మార్తమ్మ కూర్చుంది, బైబిలు ఒళ్ళోకి తీసుకుంది. అప్పటికి గొంతు తనదైంది. అయినా ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా విడిగా చదివింది. చదువుతూ కనకలక్ష్మి మొహం చూడలేదు. ఎన్నిసార్లో చదివిన వచనమే. 'ఎవని పేరైనను' అని మొదలవుతుంది. ఆ వచనంలో ఎవరి పేరూ ఉండదు. పోయిన వారం జయంత్ పేరు ఉన్నట్టు ఎందుకు చదువుకున్నానా అనుకుంది.

వచనం అయిపోయింది. మామూలుగా అయితే ఈపాటికి దైవాశీర్వాదం గారు రెండు మూడుసార్లు ఆపేవారు. ఈసారి ఆపలేదు.

"ఇంకోసారి చదవక్కా" అంది కనకలక్ష్మి.

మార్తమ్మ మళ్ళీ చదివింది. కనకలక్ష్మి కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ వెంట పలికింది. ఆఖరి మాట దాకా ఆగలేదు.

"నిప్పు ఉందని దేవుడు చెప్పాడు. అది నిజం" అన్నారు దైవాశీర్వాదం గారు. "అందులో ఎవరున్నారో ఇక్కడ చెప్పలేదు. ఆయన చెప్పంది నేను చెప్పను. తర్వాత?"

మార్తమ్మ తర్వాతి అధ్యాయం అందుకుంది.

కూడిక అయ్యాక బయట చెప్పుల గుట్ట దగ్గర అందరూ ఒకేసారి వంగారు. కొంతమంది మార్తమ్మ చెయ్యి పట్టుకుని వందనాలు చెప్పారు. కొంతమంది చెప్పకుండానే వెళ్ళారు. వినీల తల్లి బైబిలు అందుకుని, "అంతా చెప్పేశావు సరే. నీ పాలు సంగతి? తీసేసి ఉంటాడంటావా?" అని అడిగింది. సగం ఆటపట్టించడానికే అడిగింది.

"నాకేం తెలుసే."

"భయం లేదా?"

"ఉంది. ఎందుకుండదు?" అంది మార్తమ్మ.

కనకలక్ష్మి ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండోది వెతుక్కుంటోంది. ఆ మాట విని వీళ్ళ వైపు చూసింది. మార్తమ్మ వంగి నాలుగైదు జతలు పక్కకు నెట్టి, తెగిన చోట పిన్ను పెట్టిన నీలం చెప్పు బయటికి తీసి ఆమె కాలి దగ్గర పెట్టింది. కనకలక్ష్మి ఆమె భుజం పట్టుకుని తొడుక్కుంది. చెయ్యి వెంటనే తియ్యలేదు. వెనక వచ్చేవాళ్ళకు దారి ఇవ్వడానికి ఇద్దరూ గోడ వారకు జరిగి అలాగే నిలబడ్డారు.